తెల్లబట్ట మీద తెల్లదారం

పెళ్ళయిన నలభయ్యో రోజున నాకు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే మరీ పెద్దదేం కాదు. బడులు తెరిచే ముందు ఆరేడు వారాలపాటు, మా ఆయన పనిచేసే కుట్టుషాపులో బడిపిల్లల యూనిఫాం చొక్కాల కాలర్లు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం. డిగ్రీ చదివించింది ఇందుకేనా అని మా అమ్మ ఫోన్లో వాపోయింది గానీ, నేను మాత్రం గాల్లో తేలుతూ వెళ్ళాను. రోజంతా ఆయన కళ్ళెదురుగా ఉంటారు, పైగా అందుకు జీతం కూడా ఇస్తారట! ఇంతకంటే అదృష్టం ఉంటుందా?

ఆయన అక్కడ కటింగ్ మాస్టారు. పొడవాటి బల్ల మీద తెల్లబట్ట నలభై మడతలు పరిచి, నీలం చాక్‌తో గీతలు గీసి, కరెంటు కత్తితో వెన్న కోసినట్టు కోసేస్తారు. ఇంట్లో కూడా నేను "మాస్టారూ" అనే పిలిచేదాన్ని. టీ వేళకి నా పక్కకి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని వీపు మీద చెయ్యి వేసేవారు. ఆ నీలం వేళ్ళు అయిదూ నా జాకెట్టు మీద అచ్చుపడి ఉన్న సంగతి నాకు తెలియదు. షాపంతా తిరిగొచ్చాను.

"ఏమే కొత్తకోడలా, మాస్టారు నీక్కూడా కొలతలు గీసేశాడా? జాగ్రత్తమ్మోయ్, ఆ తర్వాత కత్తే!" అంది అక్కడ కాలర్లు కుట్టే పొడుగు వదిన. ఎనిమిది మిషన్లూ ఒక్కసారి ఆగి, షాపు ఘొల్లుమంది. నాకు సిగ్గేసిందని చెప్పాలి. నిజానికి ఆ జాకెట్టు రెండు రోజులు ఉతకలేదు.

ఇంట్లో మాకున్నది ఒకే గది, వంటిల్లు. గది మధ్యలో తెర. తెరకి ఇవతల మేము, అవతల అత్తయ్య, ఆవిడ పాత మిషను. తెర గుడ్డదే కదా, మేం నవ్వితే అవతల దగ్గు వినిపించేది. పాపం, ఆవిడ మంచిదే. "నేను నిద్రపోయానర్రా" అని మరీ చెప్పేది. ఆ మాట విన్నాక ఇంకేం మాట్లాడతాం!

అందుకే మేడ మీద గది మీద మనసు పడ్డాం. నీలం తలుపు, ఒక కిటికీ. అన్నిటికంటే ముఖ్యం, తలుపుకి లోపల గడియ ఉంది. ఎక్కి చూసి వచ్చిన రోజున ఆ గడియని వేసి తీసి, వేసి తీసి, ఇంటావిడ చేత చీవాట్లు తిన్నాను. బడులు తెరిచే నాటికి అడ్వాన్సు ఇస్తే గది మాది, లేకపోతే ఇంకెవరికో అంది.

"ఈ సీజను నా కాలర్లు మీ గదికి," అంది అత్తయ్య తెర అవతల నుంచి. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆ షాపులో కాలర్లే కుడుతోంది. చొక్కాకి చేతులెవరైనా కుడతారు, కాలరు అందరికీ రాదు. అందుకే దాని రేటూ ఎక్కువే.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కాలర్లు కుట్టే ప్రతి మనిషికీ ఒక రంగు దారం. కాలరు పూర్తవగానే లోపలి పట్టీ మీద, మెడ వెనక తగిలే చోట, ఆ రంగుతో గోరంత కుట్టు వేస్తారు. ఎవరెన్ని కుట్టారో, తిరిగొచ్చినదాన్ని ఎవరు విప్పి కుట్టాలో దాన్నిబట్టే. పొడుగు వదినది ఎరుపు. అత్తయ్యది ఆకుపచ్చ. సాయంత్రం కాలర్లన్నీ తిరగేసి, రంగుల వారీగా పేర్చి లెక్క రాయడం నా పని. చొక్కా వేసుకున్న పిల్లాడికి గానీ వాళ్ళమ్మకి గానీ ఆ కుట్టు ఉన్నట్టే తెలియదు. నాకు మాత్రం అది ఎంత ముద్దొచ్చేదో! దారిన పోయే పిల్లల్ని ఆపి మెడ వెనక వెతకాలనిపించేది.

రెండో వారంలో ఓనరుగారు ఒకావిడని వెంటబెట్టుకొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. సన్నగా, పొట్టిగా ఉంది. భుజానికి గుడ్డసంచీ. గోడకి మేకులున్నాయి, అందరి సంచులూ వాటికే వేలాడుతున్నాయి. ఆవిడ మాత్రం సంచీ తియ్యకుండానే మిషను ముందు కూర్చుంది.

"ఈవిడ ఇవాళ్టి నుంచి కాలర్లు కుడుతుంది," అన్నాడు ఓనరుగారు.

"ఏ రంగు రాసుకోమంటారండీ?" అన్నాను పుస్తకం తెరిచి.

"రంగెందుకమ్మా. తెల్లదారమే వాడమను. రిజిస్టర్లో ఈవిడ పేరుండదు. నువ్వు అడుగున పెన్సిల్‌తో 'తెలుపు' అని రాసుకో, చాలు. లెక్క నాకు విడిగా చెప్పు."

తెల్లబట్ట మీద తెల్లదారం. ఆవిడ గుర్తు కంటికి ఆనేది కాదు. సాయంత్రం పట్టీ మీద వేలి కొసతో తడిమి, గరుగ్గా తగిలితే ఆవిడదని పక్కన పెట్టేదాన్ని.

"సరిహద్దు అవతల నుంచి వచ్చింది," అన్నాడు కాజాల బాబాయి గొంతు తగ్గించి. గుండీలకి కాజాలు వేసేది ఆయనే. "కాగితాల్లేవు. రేటులో సగమే ఇస్తున్నాడట, దానికీ ఒప్పుకుంది."

ఆ రోజు నుంచి ఆవిడ మా అందరికీ అవతలావిడ. పేరు ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు. మన మాటలు ఓ వంద వచ్చేమో ఆవిడకి, వాటిని పొదుపుగా వాడేది.

మూడో రోజు అనుకుంటాను, మా ఆయన బల్ల దగ్గర నుంచి, "ఏమోయ్, ఒకసారి ఇటు రా!" అని పిలిచారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పిలుపుతో మొదలైన మాట ఏదైనా నా గురించే అయ్యేది. ఎగురుకుంటూ వెళ్ళాను. ఆయన చేతిలో కాలరుంది.

"దీని ముక్కు చూడు," అన్నారు. కాలరు చివర ఉండే మొనని ముక్కు అంటారు. "గుడ్డ రెండు మడతలు పడ్డాక కూడా సూదిలా ఎలా నిలబడిందో చూడు. ఇలాంటి చెయ్యి చూసి పదేళ్ళయింది నేను."

తిరగేశాను. ఏ రంగూ లేదు. వేలికి గరుగ్గా తగిలింది.

"బాగానే ఉంది," అన్నాను.

"బాగానే ఉండటమేంటోయ్! ముద్దు పెట్టుకోవాలనిపిస్తోంది."

నలభై తొమ్మిది రోజుల భార్యని పక్కన పెట్టుకుని ఓ మొగుడు అనవలసిన మాటేనా అది? ఆ రోజు టీ ఆయనకి కాస్త చల్లారాకే ఇచ్చాను. గమనించలేదు. కాలరు వంకే చూస్తూ తాగేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో, "నాకూ కాలరు నేర్పండి అత్తయ్యా," అన్నాను.

"నీకెందుకమ్మాయ్ ఈ గోల? చదువుకున్నదానివి. మా నడుములు చూశావుగా," అంది ఆవిడ. మంచి మాటే. అయినా నా మొహం మీద తలుపేసినట్టనిపించింది.

వారం తిరిగేసరికి అవతలావిడ రోజుకి వంద దాటించడం మొదలుపెట్టింది. అత్తయ్యవి అరవై. కళ్ళజోడు మార్చాక అవీ తగ్గాయి. ఓనరుగారు బట్ట మూటలు ముందు అవతలావిడ ముందు పెట్టి, మిగిలినవి ఆకుపచ్చకీ ఎరుపుకీ పంచేవాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అత్తయ్య చేతులు ఖాళీ. ఇరవై రెండేళ్ళలో ఆవిడ అలా ఊరికే కూర్చోవడం ఎవరూ చూడలేదట. మిషను తుడిచేది, నూనె వేసేది, మళ్ళీ తుడిచేది.

అప్పుడే ఓనరుగారు అద్దాల గదిలో నుంచి వచ్చి మెల్లగా చెప్పాడు. ఆయన కేకలేసే మనిషి కాదు. కేకలేసినా బాగుండేది.

"పెద్దమ్మా, మీరు నాన్నగారి హయాం నుంచీ ఉన్నారు, మీకు తెలియనిదేముంది. అదే కాలరు, ఆవిడ సగానికి కుడుతోంది, పైగా ఎక్కువ కుడుతోంది. అందరికీ ఆ రేటే చేస్తే ఎలా ఉంటుందా అని చూస్తున్నా. ఇంకో రెండు వారాలు చూద్దాం."

ఆయన మళ్ళీ అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"చూశారా!" అన్నాడు కాజాల బాబాయి. "పోయిన షాపులో మేం నలుగురం కాజాలేసేవాళ్ళం. అవతలివాళ్ళు ఇద్దరొచ్చారు. మనుషులు మంచివాళ్ళే. నా పక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళు, మా ఆవిడకి జ్వరమొస్తే చూడ్డానికి కూడా వచ్చారు. మూడు నెలల్లో మేం నలుగురం ఇంటికెళ్ళాం."

"అది వాళ్ళ తప్పా బాబాయ్? సగానికి పెట్టుకున్నవాడిది కదా?" అన్నారు మా ఆయన.

"తప్పెవరిదో నువ్వు తేల్చేలోపు నాకు ఇంటద్దె రోజొచ్చేస్తుంది మాస్టారూ!"

అవతలావిడ తలెత్తలేదు. అర్థమైందో లేదో తెలియదు. మిషను చక్రం మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది. నేను మనసులో మేడ మీద గదికి వెళ్ళి, గడియ వేసి, తీశాను. సగం రేటంటే గది రాదు. పదో తరగతి పిల్లాడైనా చెయ్యగల లెక్క అది. ఎవరో తెలియని మనిషి, ఎక్కడి నుంచో వచ్చి, నా నీలం తలుపుని భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నట్టుంది. ఆ సంచీలో పెట్టుకుని.

ఆ తర్వాత జరిగింది నాకు మొదట అర్థం కాలేదు, సంతోషించాను. అత్తయ్య తన మిషను జరిపించుకుని, వెనక ఇస్త్రీ బల్ల చాటున అవతలావిడ పక్కన కూర్చుంది. "అక్కడ నా కళ్ళకి లైటు బాగుంది," అంది. ఆ మూల ఓనరుగారి అద్దాల గదికి కనిపించదు. నాలుగు రోజుల్లో తెల్లదారం కాలర్లు వంద నుంచి యాభైకి పడిపోయాయి. ఆకుపచ్చవి అరవై నుంచి నూట పదికి ఎక్కాయి!

"మొదట్లోనే ఆ చురుకు," అన్నాడు ఓనరుగారు పుస్తకం చూసి పెదవి విరుస్తూ. "మన పెద్దమ్మే నయం. సగం రేటంటే సగం పనే అవుతుంది కాబోలు." ఆ తర్వాత రేటు మాట ఎత్తలేదు. మూటలు మళ్ళీ సమంగా వచ్చాయి. నేను అత్తయ్య అంకె కింద రెండు గీతలు గీసి, పక్కన చిన్న పువ్వు కూడా వేశాను.

సంతోషం అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఓ మధ్యాహ్నం భోజనాల వేళ దారపు రీలు కోసం ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్ళాను. ఇద్దరూ ఒకే మిషను ముందున్నారు. అవతలావిడ చెయ్యి అత్తయ్య చేతి మీద ఉంది. ఇరవై రెండేళ్ళు కాలర్లు కుట్టిన చేతిని పట్టుకుని, కాలరు మూల దగ్గర ఎలా తిప్పాలో చూపిస్తోంది. అత్తయ్య చిన్నపిల్లలా నాలుక బయటపెట్టి కుడుతోంది. ముక్కు తిరగేసి చూసుకుని, ఇద్దరూ నవ్వారు. నన్ను చూసి ఆపేశారు.

"ఏం కావాలమ్మాయ్?"

"రీలు," అన్నాను.

రీలు తీసుకుని వస్తుంటే, అవతలావిడ చేతి మీద ఆకుపచ్చ దారప్పోగు అంటుకుని కనిపించింది. ఆ పోగులు ఇంతకుముందు నా చీరకి అంటుకునేవి. ఇంటికెళ్ళే దారిలో వాటిని ఏరుతూ, "నన్నే ఒంటికి పూసుకున్నట్టున్నావే," అనేది అత్తయ్య. ఇప్పుడావిడ ఇంటికి ఆలస్యంగా వస్తోంది. తెర అవతల దగ్గు కూడా తగ్గిపోయింది, అలసిపోయి నిద్రపోయేది. నాకది ఎంత హాయి కావాలి? హాయిగా లేదు.

శనివారం అందరికీ కవర్లు ఇచ్చారు. అత్తయ్యది లావుగా ఉంది. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆవిడ కవరు విప్పి, సగానికి సగం తీసి, అవతలావిడ చేతిలో పెట్టింది. అవతలావిడ అది సంచీలో వేసుకుంది. వద్దని కూడా అనలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి చూపించుకో, ఎవరు కాదన్నారు? మా గదితోనా చూపించేది? మొగుడు మెచ్చుకున్నాడు, అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుంది, ఇప్పుడు కవరు కూడా. నేనొచ్చి నిండా మూడు నెలలు కాలేదు, నా ఇంట్లో నా కంటే ముందు ఆవిడ కోడలైపోయింది!

ఆదివారమంతా ఆలోచించాను. గొడవ పడటం నాకు చేతకాదు. కాలేజీలో డిబేట్లలో కూడా నేను మర్యాదగానే ఓడిపోయేదాన్ని. సోమవారం పొద్దున పుస్తకం పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళి, చాలా మామూలుగా అన్నాను.

"సార్, తెలుపు లెక్క బాగా తగ్గింది కదండీ. వెనక మూల ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కబుర్లలో పడుతున్నారేమోననిపిస్తోంది. ఆవిణ్ణి ముందు కిటికీ దగ్గరికి మారిస్తే గాలీ వెలుతురూ ఉంటాయి."

"నిజమేనమ్మా," అన్నాడాయన. "చదువుకున్నవాళ్ళ బుర్రే వేరు."

అంతే నేనన్నది. బయటికొచ్చి, మాస్టారి బల్ల మీద టీ పెట్టి, వేడిగా ఉండగానే తాగమని చెప్పాను.

అవతలావిడ మిషను కిటికీ దగ్గరికి వెళ్ళింది. అది వీధిలోకి తెరుచుకునే పెద్ద కిటికీ. మిగతావాళ్ళు నాకంటే నాకని కొట్టుకునే చోటు, నిజంగా గాలీ వెలుతురూ ఉన్న చోటు. ఆవిడ కుర్చీని కొంచెం పక్కకి తిప్పుకుని కూర్చుంది, వీధికి వీపు చేసి. యూనిఫాం వేసుకున్న మనిషెవడైనా, చివరికి ఉత్తరాలు తెచ్చేవాడైనా సరే, అటుగా నడిస్తే చక్రం ఆగేది. మళ్ళీ తిరిగేది. ఆగిన కాసేపు మినహా ఆ చేతులకి మెల్లగా కుట్టడం తెలియదు. ఓనరుగారు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం కాలర్లు తిరగేశాను. ఎరుపు అరవై నాలుగు. ఆకుపచ్చ పేర్చాను. పేర్చడం తొందరగా అయిపోయింది. యాభై ఎనిమిది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ పేర్చాను. యాభై ఎనిమిదే. రంగు లేనివాటిని ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయాను. వంద దాటినా గరుకు తగులుతూనే ఉంది. నూట మూడు.

నా చేతి రాత గుండ్రంగా, చక్కగా ఉంటుంది. ఎప్పట్లాగే రాశాను. పువ్వు వెయ్యలేదు. ఓనరుగారు పుస్తకం తీసుకుని ఆ పేజీ చూశాడు. ముందు పేజీ తిప్పాడు. ఇంకా ముందుది. మళ్ళీ ఈ పేజీకి వచ్చాడు. పుస్తకం మూసి, నాకు ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున గోడ మీద కాగితం అంటించి ఉంది. కాలరు రేటు సగం. ఏ రంగుకైనా.

పొడుగు వదిన ఆ కాగితం ముందు నిలబడి, నవ్వుతూ మొదలుపెట్టి నవ్వలేక ఆపేసింది. కాజాల బాబాయి, "ఇంక కాజాలెంతలే, రేపో ఎల్లుండో," అని తన మూలకి పోయాడు. అత్తయ్య చదవలేదు. చదవక్కర్లేదన్నట్టు నేరుగా మిషను దగ్గరికి వెళ్ళి, దారం ఎక్కించుకుంది. మూడుసార్లు తప్పింది సూది బెజ్జం.

ఇంటికొచ్చాక అడిగింది. కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా.

"ఆవిణ్ణి కిటికీ దగ్గరికి మార్చాలని ఆయనకి ఎలా తట్టిందో?"

"నేనే చెప్పానత్తయ్యా."

చెంబులో నీళ్ళు అయిపోయేదాకా పోసుకుంది.

"ఆవిడ కుట్టినవాటిలో సగం నా దారంతో గుర్తు పెట్టించేదాన్ని," అంది. "అవి నా లెక్కలో పూర్తి రేటుకి పోయేవి. ఆ డబ్బు ఆవిడకిచ్చేసేదాన్ని. మిగతా సగమే తెలుపు కింద చూపించేది. సగం రేటుకి సగం పనే వస్తుందనుకుంటే ఆయన ఊరుకుంటాడని. ఆవిడ చవగ్గా ఉన్నన్నాళ్ళూ మనమూ చవకే అమ్మాయ్. ఆవిడ రేటు పెంచమని అడగలేదు, అడిగితే కాగితాలేవంటారు. అందుకని ఇలా పెంచాం."

"పొడుగు వదినకి తెలుసా?"

"ఆవిడేగా ఈ ఎత్తు చెప్పింది."

"బాబాయికి?"

"మూటలు అటూ ఇటూ మార్చేది వాడే. తిట్టుకుంటూ మార్చేవాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" ఏడుపొచ్చేసింది నాకు. తప్పు చేసినందుకో, నన్నొక్కదాన్నే బయట కూర్చోబెట్టినందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండోదే ఎక్కువనుకుంటాను.

"పుస్తకం రాసేది నువ్వు. తెలిసి తప్పు రాయమని నీకెలా చెప్తాను? తెలియకపోతే నువ్వు రాసింది ఒప్పే కదా," అంది. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని, "నీ పువ్వు బాగుందమ్మాయ్, చూశాను," అని తెర అవతలికి వెళ్ళిపోయింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీకు తెలుసా?" అన్నాను.

ఆయన గోళ్ళలోని చాక్ గీకుతూ, "కాలరు ముక్కు చూస్తే ఎవరిదో తెలియదుటోయ్," అన్నారు. "నువ్వు సంతోషంగా రాసుకుంటున్నావు కదా అని..."

అవతలావిడ ఆ వారమంతా కిటికీ దగ్గరే కుట్టింది. తను కుట్టేదానికి పూర్తి డబ్బు రాని మాట అటుంచి, తన వల్ల అందరికీ తగ్గిందని ఆవిడకి తెలుసు. ఎవరూ ఒక్క మాటా అనలేదు, నిజం చెప్పాలంటే ఎవరూ మాట్లాడనే లేదు. ఒక్కరోజు భోజనాల వేళ నేను వెళ్ళి, "మళ్ళీ వెనక్కి మార్చమని అడగనా?" అన్నాను. ఆవిడ నా వంక చూసి, తల అడ్డంగా ఊపింది. వద్దనో, అక్కర్లేదనో.

"పిల్లలున్నారా?" అనడిగాను. ఇన్ని వారాల్లో మొదటిసారి.

"ఇద్దరు. అవతల," అంది. కుడుతున్న కాలరుని మెడ దగ్గర పెట్టుకుని, అంత పొడుగున్న పిల్లాడని చేత్తో చూపించింది. అంతే మేం మాట్లాడుకున్నది.

గురువారం ఇద్దరు మనుషులు ఫైళ్ళు పట్టుకుని ఎదురు షాపులోకి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో మాకెవరికీ తెలియదు, పన్ను గురించో, కరెంటు గురించో. వాళ్ళు బయటికొచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. మిషనుకి గుడ్డని అదిమిపట్టే పాదం ఎత్తి ఉంది. సగం కుట్టిన కాలరు అలాగే ఉంది. సంచీ ఏనాడూ మేకుకి తగిలించలేదు కాబట్టి ఆవిడ ఏదీ మరిచిపోలేదు.

శుక్రవారం రాలేదు. ఆ పైన ఇక రాలేదు. పొడుగు వదినా అత్తయ్యా ఆవిడ ఉంటున్న వీధికి వెళ్ళి వాకబు చేశారు. ఇంకో ఊరని ఒకరు, ఇంకో దేశమని ఒకరు చెప్పారట.

ఓనరుగారికి కాలర్లు కుట్టేవాళ్ళు మళ్ళీ ఇద్దరే. ఆర్డరు సగం అలాగే ఉంది. ఇప్పుడన్నా పాత రేటుకి వస్తాడనుకున్నాం. కాజాల బాబాయి అందరి తరఫునా వెళ్ళి అడిగాడు. "అలవాటైన రేటు కదా బాబాయ్," అన్నాడట. ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ రేటు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

నీలం తలుపు గదిలోకి కొత్తగా పెళ్ళయినవాళ్ళే ఎవరో దిగారు. పొద్దున్నే నేను బట్టలు ఆరేస్తుంటే, పైన గడియ తీసిన చప్పుడవుతుంది. ఎవరూ పిలవకపోయినా నేను తలెత్తి చూస్తాను.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు కూడా ఆర్డరు పూర్తి కాలేదు. అత్తయ్య మూటలు ఇంటికి తెచ్చింది. ఆదివారం పొద్దున, తెర పక్కకి లాగేసి, మిషను వెలుతుర్లో పెట్టుకుని కుడుతోంది. నేను కాఫీ ఇచ్చి అక్కడే నిలబడ్డాను. ఆవిడ కాసేపు కుట్టి, లేచి, కుర్చీ నా వైపు తోసింది.

"కూర్చో."

కూర్చున్నాను. అంచు వెంట కుట్టుకుంటూ పోయి, మూల దగ్గర ఎటు తిప్పాలో తెలియక ఆగాను. అప్పుడు ఆవిడ చెయ్యి నా చేతి మీద పడింది. వెచ్చగా, గరుగ్గా, చూపుడు వేలి మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలతో. ఆ సీజనంతా నేను కోరుకున్న చెయ్యి.

"మొనదాకా వెళ్ళకు," అంది. "ఒక్క కుట్టు ముందే ఆగు. ఆగావా? ఇప్పుడు మూలకి అడ్డంగా ఒకే ఒక్క కుట్టు వెయ్యి. ఆ తర్వాత తిప్పు. నేను ఇన్నేళ్ళూ సరిగ్గా మొనదాకా వెళ్ళి తిప్పేదాన్ని, అందుకే నావి మొద్దుగా వచ్చేవి. ఆవిడే చూపించింది."

చెయ్యి నాది. దాని మీద చెయ్యి అత్తయ్యది. ఆ కింద ఇంకో చెయ్యి ఉన్నట్టే ఉంది నాకు. ఇప్పుడు కూడా ఆవిడేనా అనిపించి, లోపల ఎక్కడో మళ్ళీ అదే మంట పుట్టింది. అడ్డంగా ఒక్క కుట్టు వేశాను.

పది పాడుచేశాక పదకొండోది కుదిరింది. తిరగేసి, వెదురుపుల్లతో మూల నెట్టాను. ముక్కు సూదిలా లేచి నిలబడింది.

"గుర్తు ఏ రంగుతో వేస్తావు?" అంది అత్తయ్య, దారాల డబ్బా నా ముందు పెట్టి. పసుపు ఉంది, నీలం ఉంది, ఎవరూ వాడని మంచి గులాబీ రంగు ఉంది. మామూలప్పుడైతే గులాబీ కోసం ఎగిరి గంతేసేదాన్ని. మిషనుకి ఎలాగూ తెల్లదారమే ఎక్కించి ఉంది. దానితోనే వేశాను.

మా ఆయన స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, మూట మీద పెట్టిన కాలర్లు ఒక్కొక్కటే చూస్తున్నారు. పదకొండోది తీసి వెలుతురుకి పట్టుకున్నారు. ముక్కు మీద బొటనవేలు పెట్టి చూశారు. తిరగేసి, లోపలి పట్టీ తడిమారు.

"అరె, ఆవిడవి ఇంకా మిగిలాయా?" అన్నారు.

అత్తయ్య నా వంక చూసింది. నా రెండు నెలల కోరిక, నా నోటి చివర ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఆయన నన్ను ఎత్తుకుని తిప్పేవారు కూడా.

"అవునండీ," అన్నాను. "ఆవిడదే."